బానెట్ మీద అయిదు బొట్లు

సదాశివరావు నెమ్మదస్తుడు. ఢిల్లీ సాకేత్‌లో పాతికేళ్లుగా కాపురం. ఆఫీసు, ఇల్లు తప్ప ఈయనకి ఇంకో లోకం తెలీదని చుట్టుపక్కల తెలుగువాళ్లంతా అనుకునేవారు. చొక్కా కొనుక్కోవాలన్నా భార్య సుభద్ర మొహం చూసే మనిషి. అలాంటి మనిషి ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా, ఛత్తర్‌పూర్‌లో ఎవరిదో ఫాంహౌస్ వెనక కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనేశాడంటే ఏమనుకోవాలి, మీరే చెప్పండి!

అరవై ఏళ్ల నాటి ఎంజీ. పైన టాపు లేదు, కింద నేల లేదు. ఉన్నవే రెండు సీట్లు, వాటిలో స్పాంజి ఎలకలు తినేశాయి. కాకినాడలో చదువుకునే రోజుల్లో పోర్టు ఇంజనీరు ఒకాయన ఇలాంటి బండిలోనే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బీచి రోడ్డు మీద వెళ్తుంటే, మన సదాశివరావు సైకిలు ఆపుకుని మరీ చూసేవాడట. గాలి హోరులో ఆ మొగుడూపెళ్లాలు కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకునేవారట. ఆ కోరికను ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నాడు మహానుభావుడు.

ఫోటో చూపించగానే సుభద్ర కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"పిచ్చి ముదిరింది, తలకి రోకలి చుట్టమన్నాట్ట వెనకటికొకడు. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికే దిక్కు లేదు, మీరేమో నాకంటే పెద్దదాన్ని తెచ్చారు!"

"వింటేజి బళ్లకి వేరే రూలుందే..." అని నసిగాడు ఆయన.

"ఉంటే ఉండనివ్వండి. కొనేముందు నన్నొక్క మాట అడిగారా? అడక్కుండా తెచ్చిన బండి నేనెక్కను. మీరే ఊరేగండి."

అదీ అసలు గొడవ. డబ్బు కాదు, తుప్పూ కాదు. అడగకపోవడం. సుభద్ర మాటంటే మాటే. ఇంట్లో ఆల్టో నడిపేది కూడా ఆవిడే, రోజూ స్కూలుకి పాఠాలు చెప్పడానికి అందులోనే వెళ్తుంది. సదాశివరావు స్టీరింగు పట్టుకుంటే వెనక రిక్షావాడు కూడా విసుక్కుంటాడు.

బండి ఫరీదాబాద్‌లో మెకానిక్ బల్బీర్ షెడ్డుకి చేరింది. శనివారం వస్తే చాలు, సదాశివరావు మెట్రో ఎక్కేవాడు. తుప్పు పట్టిన రేకులు కోయించాడు, కొత్త నేల వెల్డింగు చేయించాడు. ఇంజను విప్పిన ముక్కల్ని కిరసనాయిలులో కడుగుతూ పీటమీద కూర్చుంటే భోజనం గుర్తొచ్చేది కాదు. రెండు కార్బురేటర్లలో ఒకటి పాడితే ఇంకోటి దగ్గేది. రెండూ ఒకే శ్రుతిలోకి వచ్చిన రోజున బల్బీరూ ఆయనా షెడ్డులో భాంగ్రా ఆడారు. హారను కోసం కరోల్ బాగ్ సందులన్నీ గాలించాడు. గోళ్లలో గ్రీజుతో, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాడు.

"పాపా, ఆప్ తో బచ్చే బన్ గయే!" అని నవ్వేది కూతురు శరణ్య, నాన్న చిన్నపిల్లాడైపోయాడని. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీయే వస్తుంది.

సుభద్ర ఆ నవ్వుల్లో కలిసేది కాదు. సదాశివరావు మాత్రం నడిపేవాడి పక్కన ఉండే ఎడమవైపు సీటు అన్నిటికంటే ముందు కుట్టించాడు. సుభద్రకి నడుంనొప్పని, వీపు దగ్గర మెత్తగా పెట్టించాడు. "భాభీజీ కబ్ ఆయేంగీ?" అని, వదినగారెప్పుడొస్తారని బల్బీర్ వారంవారం అడిగేవాడు. "వస్తుంది, వస్తుంది" అనేవాడు ఈయన. తప్పయిందన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఎంత మంచివాడైనా మొగుడు మొగుడే కదా!

రెండేళ్లు అలాగే గడిచిపోయాయి. మొన్న ఫిబ్రవరిలో బండికి రంగు పడింది. నిగనిగలాడే ముదురాకుపచ్చ. బల్బీర్ సాయంత్రం ఆఖరి పూత కొట్టి, పైన ఆరినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఎవరూ చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. మర్నాడు సదాశివరావు, బల్బీర్ బయట టీ తాగి వచ్చేసరికి బండి ముందు సుభద్ర! పక్కన శరణ్య, టైర్ల కింద నిమ్మకాయలు. ఎక్కనని పంతం పట్టింది గానీ, బండికి రంగేశారని కూతురు చెబితే దిష్టి తియ్యకుండా ఉండగలదా ఆ తల్లి? తడి పసుపుతో బానెట్ మీద అయిదు బొట్లు పెట్టేసింది, వాటి మీద కుంకుమ అద్దింది. ఇంక కొబ్బరికాయ కొట్టడమే తరువాయి.

"అరే భాభీజీ, ఏ క్యా కర్ దియా!" బల్బీర్ తల పట్టుకున్నాడు. గుడ్డతో తుడవబోతే పోలేదు. పచ్చి రంగులోకి పసుపు దిగిపోయింది, వేలిముద్రలతో సహా.

సుభద్ర మొహం పాలిపోయింది. "నాకేం తెలుసండీ... మంచి జరగాలనే పెట్టాను" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బానెట్ మొత్తం గీకి మళ్లీ రంగెయ్యాలన్నాడు బల్బీర్. సదాశివరావు "ఠీక్ హై" అనబోయాడు. అంతలో ఆ బొట్లకేసి చూశాడు. ఎక్కనన్న మనిషి, తన బండి చల్లగా ఉండాలని ఫరీదాబాద్ దాకా వచ్చింది.

"సుభద్రా, నువ్వు చెప్పు. ఉంచమంటావా, తీయించమంటావా?"

"నన్నడుగుతారేంటి? బండి మీది."

"కొనేముందే అడగాల్సింది. తప్పయింది. ఇప్పుడడుగుతున్నాను."

సుభద్ర చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉంచండి. పెట్టిన బొట్టు చెరుపుతారా ఎవరైనా?" అంది. అని ఊరుకుందా! "ఆ సీట్ల రంగేంటండీ, బురదలాగా? హారను నొక్కి చూశాను, మేక అరిచినట్టుంది. అద్దం ఇంకాస్త పైకుండాలి." రెండేళ్లుగా దాచుకున్న అభిప్రాయాలన్నీ బయటపడ్డాయి. సదాశివరావు ప్రతిదానికీ తలూపుతూ, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నిలబడ్డాడు.

బొట్ల మీద పారదర్శకమైన వార్నిష్ కొట్టాడు బల్బీర్. తర్వాత నెలలో ఓ ఆదివారం ఇద్దరూ బయల్దేరారు. భోజనానికి అశోకా రోడ్‌లోని తెలుగువాళ్ల క్యాంటీన్‌కి. సిగ్నల్ దగ్గర జనం ఫోన్లు తీశారు. గాలికి మాట వినపడక ఇద్దరూ అరుచుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకుని, పెరుగన్నం తిని బయటికొచ్చాక సుభద్ర చెయ్యి చాపింది.

"ఏంటి?"

"తాళాలు. మీరు నడుపుతుంటే నాకు నిద్రొస్తోంది."

సదాశివరావు ఇచ్చేశాడు. రెండేళ్ల కిందట ఆవిడ కోసం కుట్టించిన ఆ మెత్తటి ఎడమ సీట్లో, ఇంటిదాకా ఆయనే కూర్చున్నాడు.