అన్న గీసిన ఖాళీ సున్నా

మేమంతా అన్న అని పిలిచే మా సీనియర్ పోయాడని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. మా మేనేజర్ పెట్టిన కబురు అది: "మన కుటుంబ పెద్దను కోల్పోయాం." కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఆ కుటుంబమే నిరుడు ఆయన్ని కుర్చీలోంచి లేపింది. గుండెపోటన్నారు. నేను డాక్టర్ని కాను, ఒప్పుకుంటాను.

మా పనేమిటో మీకు కొంచెం చెప్పాలి. విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల ముందు ఒక తెర ఉంటుంది. దాని వెనక నడిచే సాఫ్ట్‌వేర్‌ను కట్టేవాళ్లు అంతా మొదటినుంచి రాసుకోరు. మాలాంటి వాళ్లు రాసిపెట్టిన కోడ్ కట్టలు, లైబ్రరీలంటాం, కొనుక్కుని వాడుకుంటారు. రాడార్‌కు చిక్కిన విమానాన్ని మా లైబ్రరీ నిండు చుక్కగా చూపేది. కాసేపు చిక్కకపోతే, ఈపాటికి ఇక్కడ ఉండొచ్చని లెక్కగట్టి ఖాళీ సున్నా గీసేది. ఇది మా ఊహే, దీన్ని నమ్మి పక్కనుంచి ఇంకో విమానాన్ని పంపకండి అని హెచ్చరిక. ఆ సున్నా అన్న పెట్టిందే.

అన్నవాళ్లది పాతబస్తీ మొఘల్‌పురాలో పాల వ్యాపారం. ఇంజనీరయ్యాక కూడా పొద్దున్నే స్కూటర్ మీద నాలుగిళ్లకు పాలు పోసి, ఆ ఇళ్ల పిన్నమ్మలతో, ఖాలాలతో, ఉర్దూలో ముచ్చట్లాడి, ఆ పాల వాసనతోనే ఆఫీసుకు వచ్చేవాడు. నేను రాసిన కోడ్‌ను ఒక కన్ను మూసి చదివేవాడు. "ఈడ నీకు తెల్వది గదరా. తెల్వదని రాయి. దాంట్ల ఇజ్జత్ ఏం పోదు" అనేవాడు. ఇవాళ నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.

కొనేవాళ్లకు లైబ్రరీని చూపించే రోజు దగ్గరపడ్డాక మేనేజర్ ఆ సున్నా తీసెయ్యమన్నాడు. రాడార్‌కు చిక్కకపోయినా నిండు చుక్కే సాఫీగా సాగిపోతే చూడముచ్చటగా ఉంటుందట.

"మా బాపు పాలల్ల నీళ్లు కలిపిండు సార్" అన్నాడు అన్న. "గని కలపలేదని ఎన్నడు చెప్పలే. మీరు గదే చెప్పమంటున్నరు."

అందరం నవ్వాం. మేనేజర్ నవ్వలేదు. వారం తిరక్కుండా అన్నను ట్రైనింగ్ విభాగానికి మార్చారు. తర్వాత సున్నాను పీకేశారు. మేం ఇద్దరు ముగ్గురం అడ్డం చెప్పాం, విన్నదెవరు? అన్న బాధపడతాడని ఆ సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు. ఆయనకు తెలియదనే అనుకున్నాం.

పదకొండో దినం విమానాశ్రయం వైపు ఉన్న జల్‌పల్లిలో అన్న కట్టుకున్న ఇంటికి వెళ్లాం. మేనేజరూ వచ్చాడు. వదిన ఎదుట కూర్చుని, "మీ ఆయన పని ఎక్కడికీ పోలేదమ్మా, మా ప్రతి స్క్రీన్ మీదా ఉంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా వదినే మాట్లాడింది.

"ఆ సున్నా తీసేసిన్రంట గద సార్. తీసేసిన రోజే నాకు చెప్పిండు. గా రోజు అన్నం గూడ తినలే. మల్ల పెట్టిస్తరా?"

అప్పుడే ఇంటి మీదుగా ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. ఆ రొద పోయేదాకా ఆగమన్నట్టు మేనేజర్ చెయ్యెత్తాడు. రొద సన్నగిల్లింది, పూర్తిగా ఆగిపోయింది. వదిన ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.