ఉప్పు టీ తాగే రాకుమారి

మా మనవరాలు నిన్న కొత్త జోళ్లు కొనుక్కొచ్చింది. అడుగున ఇటుకంత దిమ్మ. క్లాంగ్‌లో మా ఇంటి గచ్చు మీద టకటకా నడుస్తుంటే, పడి మూతి పగలగొట్టుకుంటావే అని కేకలేద్దామనుకుని, ఆ జోళ్లకేసే చూస్తుండిపోయాను. అలాంటి దిమ్మ జోళ్లు నేను పెళ్లికి ముందొకసారి చూశాను. అప్పుడు తెరిచిన నోరు ఇవాళ్టికీ పూర్తిగా మూతపడలేదేమో.

మలాయి గడ్డ మీద నేను పుట్టిన తెలుక్ ఇంటాన్‌ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. దొరల కాలం. అయ్య తోటలో రబ్బరు చెట్లు గీసేవాడు. అమ్మా నేనూ పట్నంలో పాలు పోసేవాళ్లం. చీనావాళ్ల వీధిలో మాకు గిరాకీ లేదు, వాళ్లకు పాల వాసనే గిట్టదు. ఒక్క ముసలామె మాత్రం రోజూ గిన్నెతో గుమ్మంలో నిలబడేది. మేనల్లుడి బట్టల కొట్టు వెనక గదిలో ఉండేది. ఆ పాలు మా ఎదుటే మరిగించి, టీలో కలిపి, పంచదార బదులు ఉప్పేసుకుని తాగేది. ఉప్పు! ఆ వీధిలో పరువుగల ఇళ్ల ముసలమ్మలందరివీ చిన్నప్పుడే గుడ్డలతో బిగించి ఎదగకుండా కట్టేసిన చిట్టి పాదాలు. ఈమెవి మా అమ్మ పాదాలంతేసి ఉండేవి. దాంతో అమ్మ తేల్చేసింది, ఏ గొప్పింట్లోనో పాచిపని చేసిన మనిషి, మనలాంటిదేనని. అందుకే చనువుగా గుమ్మంలో చతికిలబడి వచ్చీరాని బజారు మలాయి భాషలో కష్టసుఖాలు చెప్పుకునేది.

చెప్పుకోవడానికి నా పెళ్లి ఉండనే ఉంది. హుటాన్ మెలింటాంగ్ వైపు తోటలో ఉన్న దూరపు బంధువులకీ మాకూ ఒక ఆవు మూలంగా మాటల్లేవు. ఆ పగ చల్లారాలని పెద్దలు నన్ను వాళ్లింటికి కోడలిగా ఇవ్వాలన్నారు. ఆవు తగువుకి ఆడపిల్ల తీర్పన్నమాట. నాకు ఏడుపు ఆగేది కాదు. మా పెద్దమ్మనూ ఇలాగే ఇస్తే, అత్తగారు పుట్టింటికి పంపక, కన్నతల్లి చావుకి కూడా రాలేకపోయింది.

అది విని ముసలామె ఒక రాకుమారి కథ మొదలుపెట్టింది, రోజుకింత. పెకింగు చక్రవర్తి ఇంటి పిల్ల. వాళ్లు మంచూలు, ఆడపిల్లల పాదాలు కట్టరు, దిమ్మ జోళ్లేసి నడక నేర్పుతారట. మంచూలకీ మంగోలులకీ చెలిమి చెడకూడదని గడ్డిమైదానాల అవతల మంగోలు రాజుకిచ్చారు. వాళ్ల ఆచారం ప్రకారం గుర్రపు జీను దాటించి పెళ్లి చేశారు. మొగుడూ అత్తమామలూ ఆమెకే మోకరిల్లేవారట! అత్తగారు కోడలికి మొక్కడమేమిటని అమ్మ ముక్కున వేలేసుకుంది. అక్కడ పొద్దున్న లేస్తే పాలు, మాంసం, ఉప్పు టీ. మొదట్లో అన్నీ వాంతులే, తర్వాత అవి లేనిదే పొద్దు గడవదు. కానీ తల్లిని చూడాలంటే చక్రవర్తి సెలవియ్యాలి. అంతటి మనిషికి! ఒకసారి తల్లికి జబ్బని తెలిసి అడిగితే, సెలవు వచ్చేసరికి తల్లే లేదు. తర్వాత ఆ చక్రవర్తి రాజ్యమే కూలిపోయి, రాకుమారి ఓడెక్కి దేశం విడిచిందట.

నువ్వా రాకుమారి దగ్గర పనిచేశావా అని అమ్మ అడిగింది.

ఆమె లోపలికి వెళ్లింది. మంచం కింద పెట్టె లాగి, పట్టుగుడ్డలో చుట్టిన జోళ్లు తీసింది. అరికాలి నడిమధ్య బెత్తెడు ఎత్తు కొయ్య దిమ్మ. వాటిలో పాదాలు పెట్టి లేచి నిలబడింది. గోడ పట్టుకోలేదు. వంగిన నడుము ఎప్పుడు నిటారైందో తెలీదు. భుజమైనా కదలకుండా గది ఆ చివరిదాకా నడిచి, ఇటు తిరిగింది. అమ్మ పాలచెంబు వదిలేసి దిగ్గున లేచింది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరం చేతులు జోడించాం.

ఆమె వచ్చి నా గడ్డం పట్టుకుని తలెత్తింది. "నాకు అందరూ మొక్కారు. మీ అమ్మను చూసిరా అని మాత్రం ఒక్కరూ అనలేదు. నువ్వు గడప దాటకముందే ఆ మాట తేల్చుకో."

తాంబూలాల రోజున పెద్దలంతా చాపల మీద కూర్చున్నారు. పెళ్లికూతురు తల వంచుకునే ఉండాలి, గొంతు వినబడకూడదు. తమలపాకులు చేతులు మారబోతుండగా నేను తలెత్తాను.

"మాయమ్మని సూడ్డానికి నానెవుల్నీ అడగను. ఎల్లాలంటే ఎల్తాను, ఒస్తాను. సరేనంటేనే ఆకులందుకోండి."

అయ్య మొహం తెల్లబోయింది. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం. కాబోయే మామగారు మీసం దువ్వుకుంటూ నన్నే చూశాడు.

"ఎల్లు తల్లీ, ఎవుడాపుతాడు" అని తాంబూలం అందుకున్నాడు.

పెళ్లయ్యాక ఒకసారి వెళ్తే కొట్టు చేతులు మారిపోయింది. రాకుమారి ఎటుపోయిందో ఎవరికీ తెలీదు. మా అమ్మ ప్రాణం పోయినప్పుడు మాత్రం తన తల నా ఒళ్లోనే ఉంది.

ఇందాకే మా మనవరాలు ఆ జోళ్లేసుకుని బయటికి వెళ్లిపోయింది, ఎవర్నీ అడగలేదు. ఒకావిడ చక్రవర్తిని అడిగి ఎదురుచూసింది, నేను అడగనని పదిమందిలో చెప్పాల్సొచ్చింది, దీనికి అడగాలన్న ఊహే లేదు. కాలం ఇంతదూరం నడిచొచ్చిందా అనుకుంటూ, ఆ టకటకలు వినబడినంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాను.