బొటనవేలికంటిన బంగారం

ఈ సంగతి రాసి పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. పోయిన నెల పులివెందులలో మా పిన్నమ్మ కూతురి పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన (అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు) పప్పు కలుపుకుంటూ, "బ్యాంకాకు జైల్లో కూడు ఎట్లుంటాదప్పా? మన మాదిరి కారం ఏస్తారా?" అని అడిగాడు. నేను జైలుకు పోలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. నన్ను నొప్పించానని బాధపడి, "కానీలే, వయసులో అందరికీ జరిగేదే" అంటూ వడ్డించేవాణ్ణి పిలిచి నాకు ఇంకో వడ వేయించాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, టీ కొట్టు దగ్గర పుట్టిన కథ పులివెందుల పెళ్లిదాకా నడిచి వచ్చిందంటే, ఇంకో ఏడాదికి మాకు ఉరిశిక్ష కూడా పడుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే కరోనాకు ముందటి ఏడాది, నాకు ఇరవై నాలుగేళ్లు. ఇంటర్మీడియట్ మధ్యలో వదిలేసి ఒక నగల అంగట్లో గొలుసులకూ ఉంగరాలకూ తూకం రాసిన చీటీలు కట్టే పనిలో ఉండేవాణ్ణి. అయితే అది పైకి కనిపించే ఉద్యోగం మాత్రమే. నా లెక్కలో నేను పండితుణ్ణి. పొద్దున అంగడి తెరిచేలోగా రెండు గంటలు శాఖా గ్రంథాలయంలో కూర్చుని, భూగోళం మొదలు బొగ్గు గనుల దాకా, బీరువా తర్వాత బీరువా చదివేశాను. (చివరి బీరువా తాళంచెవి పోయింది కాబట్టి అందులో ఉన్న విషయాలు నాకు ఇప్పటికీ తెలియవు.) మా అంగడికి నగలు చేసే కంసాలి నాకు ప్రాణ స్నేహితుడు. సన్నగా, పొడుగ్గా, కుంపటి ముందు వంగి ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని ఊదుగొట్టం అనేవారు. అతను నన్ను లైబ్రరీ అని పిలిచేవాడు. అందులో వెక్కిరింత ఎంతో మర్యాద ఎంతో నేను ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

మా షావుకారుకు నగలు పోతపోసే కొత్త యంత్రం మీద మనసు పడింది. అది బ్యాంకాకులో ఉంది. ఊదుగొట్టం పోయి మూడు రోజులు ఆ పని చూసి రావాలని తీర్మానించాడు. "వానికి ఇంగ్లీషు రాదు. తోడు లైబ్రరీని తోలండి, ఇన్నేళ్లు చదివిందానికి ఒగసారన్నా పనికొస్తాడు" అన్నాడట. ఆ సంతోషం నాకు సరిగ్గా ఒక్క రోజు ఉంది. రెండో రోజు గ్రంథాలయంలో దేశదేశాల యాత్రల మీద ఒక పాత పుస్తకం తీశాను. బ్యాంకాకు ఉన్న దేశం అధ్యాయంలో గుళ్ల గురించి చదువుకుంటూ పోతే, పుట చివర్లో, గుడి సొత్తు జోలికి పోయిన పరదేశీయుల ప్రస్తావన మొదలైంది. పుట తిప్పాను. తర్వాతి పుట లేదు. ఎవరో చింపుకుపోయారు. మా లైబ్రేరియన్‌ను అందరూ అద్దాల సారు అంటారు. ఆయనకు చూపించి, ఆ పుటలో ఏముంటుందని అడిగాను. ఆయన అద్దాలు పైకెత్తి, పుట చిరిగిన అంచు తడిమి చూసి, "చింపుకోని పోయినాడంటే పనికొచ్చేదే ఉండింటాది నాయనా" అన్నాడు.

విమానం ఎక్కేదాకా ఆ లేని పుటలో రోజుకొక శిక్ష నేనే రాసుకున్నాను. పోయే ముందు ఒక తెల్లకాగితం మీద పద్నాలుగు నియమాలు కూడా రాసుకున్నాను: ఎవరి తలా తాకరాదు, విగ్రహం వైపు కాళ్లు చాపరాదు, రోడ్డు మీద ఉమ్మరాదు, ఇలా. ఆ కాగితాన్ని ఇద్దరి పాస్‌పోర్టులతో పాటు ఒక జిప్పు సంచిలో పెట్టి మెడకు తగిలించుకున్నాను. మూడు రోజులూ యంత్రం దగ్గర గడిచాయి, ఏ అపరాధమూ జరగలేదు. నాలుగో రోజు మాది. సాయంత్రం విమానం, అందాకా ఊరు చూడొచ్చు.

నది మీద పడవ ఎక్కాం. ఇంత పెద్ద నదిలో నీళ్లుండడమే నాకు అనుమానంగా తోచింది (మా పెన్నలో ఇసుక చూసి పెరిగినవాళ్లకు అలాగే ఉంటుంది). కడ్డీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఊదుగొట్టం మాత్రం మార్కెట్ యార్డుకు పోతున్నవాడిలా కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. రేవు దగ్గర దిగి ఒక గుడికి పోయాం. చెప్పులు విప్పిన చోటును నేను గుర్తుగా రాసుకున్నాను. లోపల నిలువెత్తు బుద్ధుడి విగ్రహానికి భక్తులు చిన్న చిన్న బంగారు రేకులు అంటిస్తున్నారు. అగ్గిపెట్టెంత రేకు, ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చన. పైన ఫ్యాను తిరుగుతోంది. నేను ఊదుగొట్టానికి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఏ రాజులు, ఏ యుద్ధాలు, ఏ శిల్పం. అతను వింటున్నాడనే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి నేల మీద గొంతుకూర్చుని ఏదో వెతుకుతున్నాడు. చొక్కా గుండీ ఊడిందేమో అనుకుని, ఉపన్యాసం ముగించి, చెప్పులు లెక్క చూసుకుని బయటికి నడిపించాను.

రేవు పక్క హోటల్లో ముందే డబ్బు కట్టి అన్నం ముందు కూర్చున్నప్పుడు అతను పై జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. కంసాలి పొట్లం అది. ఎన్ని మడతలు వేస్తారో గాని, అందులోంచి నలుసు కూడా జారదు.

"ఏందది?" అన్నాను.

"బంగారు. గుళ్లో కింద పడింటే ఏరినా."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గుళ్లోదాన్ని ఎత్తుకోనొచ్చినావా మామా?"

"ఎత్తుకోనొచ్చేదేంది? జనం తొక్కుతాండారు. బంగారు తొక్కకూడదని నీకు తెల్దా? ఏలు తడి చేసుకోని ఏరినా, కండ్లకద్దుకున్యా, పొట్లం కట్టినా. ఆడ ఎవరికన్నా ఇద్దామనుకుంటి. నువ్వు యుద్ధాలు చెప్పుకుంటా బయటికి లాక్కోనొచ్చినావు, మరిసిపోయినా."

మా వీధిలో ఇది అబద్ధం కాదు. ఆకురాయితో రుద్దినప్పుడు కింద రాలిన బంగారు పొడిని వేలికద్ది ఏరుకుని కళ్లకద్దుకోకుండా ఏ కంసాలీ లేవడు. అంగడి ఊడ్చిన చెత్తను డబ్బాలో దాస్తారు. కాలవలో మట్టిని కూడా కడిగి చూసేవాళ్లున్నారు. ఊదుగొట్టం చేసింది మా ఊళ్లో భక్తి. ఈ ఊళ్లో దాన్ని ఏమంటారో ఆ లేని పుటలో ఉంది. నేను మెడలోని సంచి తీసి బల్ల మీద పెట్టి, జిప్పు తెరిచి, నియమాల కాగితం పరిచి, పద్నాలుగూ చదివాను. ఇలాంటిది ఒక్కటీ లేదు. మనిషి చేయగలడని నేను ఊహించనిది కాబట్టి రాసుకోలేదు.

"మామా, ఇది పట్టుకుంటే మనల్ని పంపరు. సాయంత్రం విమానం పోతాది, మనం ఈడే ఉంటాం. మా అమ్మకు ఏం చెప్తారు?"

"నేను దొంగ మాదిరి కనపడతాండానా?"

"నువ్వు కనపడవు. పొట్లం కనపడతాది."

సరిగ్గా అప్పుడే హోటలు ముందు నీలం యూనిఫాం, బెల్టు, మెడలో ఈల ఉన్న మనిషి వచ్చి నిలబడ్డాడు. మా వైపే చూశాడు. నేను లేచాను, ఊదుగొట్టం చేయి పట్టుకున్నాను, పక్క దారిలో బయటపడ్డాను. కూరగాయల బజారులో వంద అడుగులు పోయామో లేదో వెనక ఈల వినిపించింది. తిరిగి చూస్తే అతనే; చేయి ఊపుతూ మా కోసమే వస్తున్నాడు. పరుగెత్తాను. గ్రంథాలయంలో పెరిగిన కాళ్లు అవి, అయినా ఆ రోజు జింకల్లా పనిచేశాయి. చేపల బుట్టల మధ్య, పూలదండల కింద దూరుతూ పోయాను, ఎవరిదో తల కూడా తాకాను (మొదటి నియమం). ఊదుగొట్టం ఒక చేత్తో జేబు మూసుకుని వెనక వస్తూ, "యాడికి పోతాండావప్పా? వానికి ఏం కావాల్నో అడుగుదాం నిలబడు" అని అరుస్తున్నాడు. నేను మాత్రం కడప కేంద్ర కారాగారం కన్నా ఈ ఊరిది పెద్దదో చిన్నదో ఆలోచిస్తున్నాను.

సందు చివర గోడ వచ్చింది. ఇక పోవడానికి దారి లేదు. ఆ మనిషి రొప్పుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను రెండు చేతులూ ముందుకు చాపాను, బేడీల కోసం. ఆయన ఆ చేతుల్లో నా జిప్పు సంచి పెట్టాడు. రెండు పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి. భయంతో లేచిన నేను దాన్ని బల్ల మీదే వదిలేశాను. ఆయన ఆ బజారు కాపలాదారు. నియమాల కాగితం కూడా మడిచి ఇచ్చి, చెమట తుడుచుకుని, నవ్వి వెళ్లిపోయాడు. నేను ఆ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆయన ఇంకొంచెం నిదానంగా పరుగెత్తి ఉంటే, ఆ విమానం మాకు నిజంగానే తప్పిపోయేది.

"ఇంగ సాలు. పొట్లం నదిలో పారేద్దాం, పీడ పోతాది" అన్నాను.

అన్ని రోజుల్లో ఊదుగొట్టం నా మీద కోపం చేసుకోవడం అదే మొదలు. "బంగారు నీళ్లలో పారేస్తావా? దేవునికి అంటిచ్చిందాన్ని? నువ్వు చదివిన బుక్కుల్లో ఇదే రాసిండారా?" అని ముందు నడిచాడు. "నేను పోయి ఇచ్చొస్తా. నీకు భయమైతే ఈడే ఉండు."

ఈడ ఉండడానికి నాకు ఇంకా ఎక్కువ భయం కాబట్టి వెంట పోయాను. పట్టుకుంటే ఏం చెప్పాలో ఇంగ్లీషులో మూడు వాక్యాలు తయారుచేసి, వల్లె వేసుకుంటూ గుడి గడప దాటాను. విగ్రహం దగ్గర ఒక ముసలామె నేల ఊడుస్తోంది. చీపురు కాదు, మెత్తని కుంచె. పక్కన రేకు డబ్బా. ఫ్యాను గాలికి రాలిన బంగారు తునకలను కుంచెతో దగ్గరికి తెచ్చి, వేలు తడి చేసుకుని, ఏరి, డబ్బాలో వేస్తోంది. ఊదుగొట్టం నన్ను చూశాడు. పోయి ఆమె ఎదురుగా గొంతుకూర్చుని పొట్లం విప్పాడు.

ఆమె పొట్లంలోకి చూసింది, అతని వేళ్లకేసి చూసింది. నేను మూడు వాక్యాల్లో మొదటిది ఎత్తుకున్నాను. ఇద్దరూ నా వైపు చూడనైనా లేదు. "ఇది కింద పడిందమ్మా, జనం తొక్కుతాండ్రి" అని ఇతను తెలుగులో చెబుతున్నాడు. ఆమె తన భాషలో ఏదో అంటూ తల ఊపుతోంది. పొట్లాన్ని మళ్లీ మడవమని సైగ చేసింది. ఇతను నిదానంగా మడిచి చూపించాడు, ఆమె ఒకసారి మడిచింది, రెండో మడత తప్పింది, ఇతను దిద్దాడు. అటు నా ఇంగ్లీషు, ఇటు నా చరిత్ర, ఏదీ ఎవరికీ అవసరం పడలేదు. చివరికి ఆమె లేచి, పళ్లెంలోంచి రెండు కొత్త రేకులు తీసి మాకు చెరొకటి ఇచ్చి, విగ్రహాన్ని చూపించింది.

ఊదుగొట్టం రేకు అంటిస్తే అతుకు తెలియలేదు. నేను అంటించబోతే ఫ్యాను గాలికి రేకు మడతపడింది. సగం బుద్ధుడి పాదానికి అంటింది, సగం నా కుడి బొటనవేలికి. గోకితే ఇంకా పరుచుకుంది.

"రుద్దొద్దు. ఇంగా లోపలికి పోతాది" అన్నాడు ఊదుగొట్టం. తర్వాత నా వేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూసి, తాపీగా అన్నాడు: "ఇప్పుడు దొంగ ఎవరప్పా?"

విమానాశ్రయం దాకా ఆ చేయి జేబులోనే ఉంది. వరసలో మా వంతు వచ్చింది. గాజుపెట్టె వెనక యూనిఫాంలో ఉన్న ఆవిడ పాస్‌పోర్టు చూసి, ముందున్న చిన్న అద్దం చూపించింది. వేలిముద్రలు. నాలుగు వేళ్లు పెట్టాను. తర్వాత బొటనవేలు పెట్టమంది. ఆ యంత్రం ఒకసారి వద్దంది, రెండోసారి వద్దంది. ఆవిడ నా చెయ్యి పైకెత్తమని సైగ చేసింది. ట్యూబులైటు కింద నా వేలు పెళ్లికొడుకు ఉంగరంలా మెరిసింది. నేను వల్లె వేసిన మూడు వాక్యాలూ ఎటు పోయాయో పోయాయి. "గోల్డ్, మేడమ్. సారీ" అన్నాను. ఆవిడ వేలికేసి చూసింది, నా ముఖానికేసి చూసింది. "లక్కీ" అని, ఎడమ బొటనవేలు పెట్టించుకుని ముద్ర కొట్టేసింది.

వెనక నిలబడి ఉన్న ఊదుగొట్టం ఈ దృశ్యాన్ని ప్రొద్దుటూరులో ఎన్నిసార్లు అభినయించి చూపించాడో చెప్పలేను. చేతులు చాపి నిలబడ్డది అతను చెప్పాడు. బేడీలు వేసింది టీ కొట్టువాడు. జైల్లో పెట్టింది తక్కిన వీధి. నేను మాత్రం తిరిగొచ్చిన మర్నాడే గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకం తీశాను. చిరిగిన అంచు మీద బొటనవేలు ఆనించి ఎంతసేపో కూర్చున్నాను. తర్వాత చాలా రోజులకు జమ్మలమడుగు గ్రంథాలయంలో అదే పుస్తకం ఇంకో ప్రతి ఉందని తెలిసి బస్సెక్కి పోయాను. పుట ఉంది. అందులో ఉన్నది పడవలు ఏ రేవు నుంచి బయలుదేరతాయి, చెప్పులు ఎక్కడ విప్పాలి. గుడి సొత్తు మాట ఒక్క వాక్యంలో ముగిసింది: కింద పడినవి ఊడ్చేవాళ్లకు అప్పగించాలట.

ఇక కృతజ్ఞతలు. బజారంతా అనవసరంగా పరుగెత్తించినా నవ్వుతూ పాస్‌పోర్టులిచ్చిన నీలం చొక్కా అన్నకు. మడత నేర్చుకున్న కుంచె అవ్వకు. ఎడమ చేతి ముద్రతో సరిపెట్టుకున్న గాజుపెట్టె అక్కకు. నమ్మి పంపిన షావుకారుకు. పుటలో పనికొచ్చేదే ఉంటుందని నిజమే చెప్పిన అద్దాల సారుకు. బంగారాన్ని నీళ్లలో పారేయనివ్వని ఊదుగొట్టానికి. చివరగా, ఇరవై నాలుగేళ్ల లైబ్రరీ అనే ఆ భయస్థుడికి కూడా. ప్రొద్దుటూరులో ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. తెరిచి, పుట లేని చోట వెలుతురుకు పట్టి చూస్తే, చిరిగిన అంచున వేలిముద్రలో సగం సన్నగా మెరుస్తుంది. అది అతనిదే. ఇది రాసేదాకా నేను దాన్ని ఎవరికీ చూపించలేదు, పట్టుకుంటారేమోనని.