బ్రాకెట్ల ప్రొఫెసర్

ఆయన పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, చేతులు. యూనివర్సిటీలో వాతావరణ మార్పుల మీద పరిశోధన చేసే ఆ ప్రొఫెసర్ ఏటా పూత కాలంలో ముసునూరు దగ్గర మా మామిడితోటకి వచ్చేవాడు. మాడిన పూతని ఫొటోలు తీసుకుని, వాటితో విదేశాల్లో వాతావరణ ఒప్పందం మీద జరిగే చర్చలకి వెళ్ళేవాడు. దేశాలు ఒప్పుకోని మాటల్ని ఒప్పందంలో బ్రాకెట్లలో పెడతారట. రైతుల పరిహారం సంగతి ఏమైందని అడిగితే చాలు, రెండు అరచేతులూ ఎదురెదురుగా గాలిలోకి లేపి, "అది ఇంకా బ్రాకెట్లలోనే ఉందండీ" అనేవాడు. మా పాస్టరుగారు కూడా దీవెనకి చేతులెత్తుతారు. ఆ దీవెన ఆమెన్‌తోనైనా ముగుస్తుంది. ఈయనది ముగిసేది కాదు. ఆ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కాపు లేక చివరికి తోట కొట్టించేశాం. కలప లారీ అటు వెళ్ళగానే, తోటలోనే ఉన్న మా ఇంటి ముందు ఆయన కారు దిగాడు. మొద్దుల వంక చూడనైనా లేదు.

"పరిహారం మాటకి బ్రాకెట్లు తీసేశారండీ! రాత్రింబవళ్ళు కొట్లాడాం!"

"మరి ఎప్పుడిస్తారండీ?"

"అది వేరే పేరాలో ఉందండీ. అదింకా..." చేతులు లేచాయి.

ఆయన నిలబడడానికి నీడ కోసం చుట్టూ చూశాడు. అప్పుడుగాని తోట లేదని ఆయనకి తెలియలేదు. చెమట తుడుచుకుంటూ, "కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తారా అండీ?" అన్నాడు.

మా అమ్మ అప్పటికే చెంబుతో బయటికి వస్తోంది. ఆమెని ఆగమని, రెండు అరచేతులూ ఎదురెదురుగా లేపాను.

"అవింకా బ్రాకెట్లలోనే ఉన్నాయండీ."