లోపలి కుట్టు చూసే సాబిరా

కాజీపేటలో సాబిరాతో కలిసి బట్టల దుకాణానికి వెళ్ళినవాళ్ళు రెండోసారి ఆమెను పిలవరు. ఆమె గీచి గీచి బేరం చేస్తుందని కాదు, అసలు బేరమే చెయ్యదు. హ్యాంగర్‌కు వేలాడే కుర్తాను తీసి, అందరి ముందూ తిరగేసి, లోపలి కుట్టును వెలుతురుకు పట్టి చూస్తుంది. కుట్టు పక్కన లోపలికి వదిలిన బట్ట ఎంతుందో వేలితో కొలుస్తుంది.

"దీంట్ల అర వేలు బట్ట గూడ ఇడవలేదు. రేపు జర ఒళ్ళు చేసిందనుకో, దీన్ని కొన్న పిల్ల ఏం చేసుకోవాలె? పొయ్యి తుడుసుకోవాల్నా?" అని సేల్స్ పిల్లనే నిలదీస్తుంది. ఆ పిల్ల బిక్కమొహం వేస్తుంది. తోడు వెళ్ళినవాళ్ళు మెల్లగా పక్క కౌంటర్‌కు జరుగుతారు.

దర్గా రోడ్డులో ఇల్లు, ఇంటి ముందు గదిలో మిషన్, ముప్పై ఏళ్ళ పని. భర్త ఖాజా మొహినుద్దీన్ డోర్నకల్‌లో రైల్వేలో పనిచేస్తాడు. పొద్దున రైలెక్కి పోతాడు, రాత్రి రైలుకు వస్తాడు. ఆయన యూనిఫాం కాలర్లను సాబిరా విప్పి తిరగేసి కుట్టి, ఒక్కో చొక్కాకు రెండు ఆయుష్షులు పోస్తుంది. తన మటుకు ఏడాదికి రెండే జతలు. రెండూ చేనేత సంఘం దుకాణంలో తానులోంచి కోయించుకున్న బట్టే. వంద సార్లు తొడుగుతానన్న నమ్మకం కుదిరితేనే కొంటుంది, లేకపోతే తానును మళ్ళీ చుట్టిచ్చి వస్తుంది. ఆమె ఆకుపచ్చ కుర్తాకు ఇది ఏడో ఏడు. మోచేతుల దగ్గర పలచబడితే చేతులు పొట్టి చేసింది. మెడ దగ్గర వెలిసిపోతే అంచు వేసింది. ఇంకో రెండేళ్ళకు అది దిండు గలీబు అవుతుందని కూడా ముందే తేల్చి పెట్టింది.

మేడ మీద గదిలో అద్దెకుండే మానస మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తుంది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, "ఆంటీ, మీరు చేసేదే మాకు ఇయ్యాల స్క్రీన్ మీద గంటసేపు చూపెట్టిన్రు. సస్టెయినబుల్ ఫ్యాషన్ అంటరట దాన్ని" అని చెప్పింది.

"దీనికి గూడ పేరు పెట్టిన్రా?" అని సాబిరా నోరు తెరిచింది. ఆ తర్వాత రెండు రోజులు, వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పి మరీ కొలతలు తీసుకుంది. గొప్ప చెప్పుకోవడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. పని తెలిసినవాళ్ళు సిగ్గుపడాల్సిన అవసరం ఏముంది?

బట్టల సంగతి ఎంత పట్టుదలో, చూసే సినిమాల సంగతీ అంతే. మిషన్ పక్కన గోడకు ఆనించి ఫోన్ ఉంటుంది. తిన్నగా పోయే కుట్లు వేసేటప్పుడు చెవులు దానికి, కళ్ళు సూదికి. ఈమధ్య ఒక పెద్ద సినిమా మొదలుపెట్టి ఒక్క పాట దగ్గరే ఆపేసింది. ఆ పాటలో హీరో పదమూడు చొక్కాలు మార్చాడు. కథలో అతను కూలీ. "కూలోనికి గిన్ని అంగిలా? కూలి పైసలన్నీ ధోబీకే ఇస్తాండా?" అని విసుక్కుంది. ఇద్దరు ముసలి అన్నదమ్ములు పాత రేడియోలు విప్పి బాగుచేసే యూట్యూబ్ ఛానెల్ ఒకటి ఆమెకు ప్రాణం. వాళ్ళు మాట్లాడేది తక్కువ, స్క్రూలు తిప్పేది ఎక్కువ. కజ్జికాయలు వత్తుకుంటూ చూసినా హాయిగా ఉంటుందని అందరికీ పంపిస్తుంది.

అన్నిటికంటే మించి ఈ చలికాలంలో ఆమెను పట్టుకున్నది ఒక వెబ్ సీరియల్. కొండల్లో ఒక చిన్న ఊరు, అక్కడ దొంగతనాలు తేల్చే ఒక ఆడ హెడ్ కానిస్టేబుల్. ఎనిమిది భాగాల్లోనూ ఆమెకు ఒకటే మెరూన్ స్వెటర్. ఐదో భాగంలో దాని మోచెయ్యి చిరిగింది. ఆరో భాగంలో అక్కడ అతుకు కనబడింది. అది చూసి సాబిరా మిషన్ ఆపేసి ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆ సీరియల్ తీసినవాళ్ళలో ఎవరో ఒకరికి సూది పట్టడం తెలుసునని ఆమె నమ్మకం.

ఇన్ని చూసినా ఆమెకొక కట్టుబాటు ఉంది. కత్తెర చేతిలోకి తీసుకుంటే ఫోన్ బోర్లా పడుకోవాలి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఏం చేసేది లేదు. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఆమె ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారి ఉప్పలయ్య చొక్కా మీద పడింది.

ఉప్పలయ్య మానస తండ్రి. పరకాల దగ్గర పత్తి పండిస్తాడు. సీజన్ అయిపోయాక మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. నలభై ఏళ్ళు ఒకటే భుజం మీద మోస్తే ఆ కుడి భుజం రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ఏ రెడీమేడ్ చొక్కా తొడిగినా కుడి పక్క సంచిలా వేలాడుతుంది, ఎడమ పక్క మెడను పట్టేస్తుంది. ఒకసారి హన్మకొండ షాపులో నాలుగు చొక్కాలు తొడిగి చూసి, ఐదోది ఇవ్వబోయిన కుర్రాడు నవ్వు ఆపుకోవడం అద్దంలో చూశాడు. అప్పటి నుంచి కొత్త బట్ట ఊసెత్తడు.

మానస ఆఫీసులో ఆ శనివారం సాయంత్రం తల్లిదండ్రుల రోజు. ఏడాదంతా బాగా పనిచేసిన వాళ్ళను అమ్మానాన్నలతో సహా వేదిక మీదికి పిలుస్తారు. మానస పేరు అందులో ఉంది. తల్లి లేని పిల్ల. తండ్రికి ఫోన్ చేస్తే ఆయన పత్తి ఏరాలన్నాడు, నడుము నొప్పన్నాడు, చివరికి అసలు మాట చెప్పాడు. "అంతమందిల నేను అంగి లాక్కుంట నిలబడుడు నీకే నామోషి బిడ్డా."

మానస మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే సాబిరా ఫోన్ లాక్కుంది. "అన్నా, నేను సాబిరాను. నీ అంగి నేను కుడుత. భుజం దిగిందో లేదో నీకు నాకు తప్ప ఎవ్వలికి తెల్వకుంట కుడుత. అది సక్కగ కూసోకపోతె అప్పుడు రాకు. ఫికర్ చెయ్యకు."

అంత మాట అన్నాక ఉప్పలయ్య ఆదివారం వచ్చి కొలతలు ఇచ్చి పోయాడు. చేనేత సంఘంలో నూలుకే రంగు వేసి నేసిన లేత నీలం బట్ట తెచ్చింది సాబిరా. తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసింది. శుక్రవారం మధ్యాహ్నం బల్ల మీద పరిచింది. భుజాలు రెండూ ముందు ఒకే ఎత్తుకు కోసి, తర్వాత దిగిన పక్క మాత్రం రెండు వేళ్ళు తీసెయ్యాలి. అందుకు కుడి పక్క ముక్కల మీద సుద్దతో గుర్తు పెడుతుంది.

సరిగ్గా ఆ పూటే సీరియల్ ఎనిమిదో భాగం, ఆఖరిది, వచ్చింది. ఫోన్‌ను బోర్లా పెట్టబోయి, పది నిమిషాలేగా అనుకుంది. హెడ్ కానిస్టేబుల్ లోయలోకి దిగుతోంది, స్వెటర్ ముళ్ళకు పట్టుకుంది. సుద్ద పట్టిన చెయ్యి ఏదో ముక్క మీద గీత గీసింది. కళ్ళు స్వెటర్ మీదే ఉన్నాయి. కత్తెర గీత వెంబడి చక్కగా, వంకర లేకుండా పోయింది.

శనివారం పదకొండింటికి ఉప్పలయ్య వచ్చాడు. మానస ఏర్పాట్ల కోసం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోయింది. కుట్టు అంతా అయింది. కాజాలు, గుండీలు, జేబు మిగిలాయి. సాబిరా చొక్కా తొడిగించి ముందు పిన్నులు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కుడి పక్క మునుపటికంటే ఎక్కువ వేలాడుతోంది. ఎడమ పక్క చంకలో పట్టేసి కాలర్‌ను పక్కకు లాగుతోంది.

"జర సక్కగ నిలబడు అన్నా. భుజం లేపు."

ఉప్పలయ్య లేపాడు. ఊపిరి బిగబట్టి ఇంకొంచెం లేపాడు. నుదుటి మీద చెమట పట్టింది. చొక్కా మాత్రం మారలేదు.

"నా భుజమే గట్లుంటది చెల్లె" అన్నాడు మెల్లగా. "నీ తప్పేం లేదు. దుకాణంల గూడ గిదే అయింది. నువ్వు మస్తు కష్టపడ్డవ్. బిడ్డకు జరమొచ్చిందని చెప్త." ఒక్కొక్క పిన్నూ తనే తీసి ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. వాటి మొనలు ఆమెకు గుచ్చుకోకుండా తిప్పి ఇస్తున్నాడు.

సాబిరా చొక్కా అందుకుని అలవాటుగా తిరగేసింది. సుద్ద గుర్తు కనబడింది. ఎడమ పక్క ముక్క మీద ఉంది. దిగిన భుజానికి తియ్యాల్సిన బట్ట మంచి భుజానికి తీసింది. నిన్నటి లోయ, ముళ్ళు, స్వెటర్ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన తప్పు తన ఒంటిదేనని ఒప్పేసుకున్నాడు. జ్వరమని చెప్పి పరకాల బస్సెక్కుతాడు. సాబిరా చెయ్యి తప్పిందని కాజీపేటలో ఒక్కరూ అనుకోరు. ఆ ఆలోచన రావడమే ఆమెకు అసహ్యం వేసింది. ఊరి దుకాణాలన్నిటిలో లోపలి కుట్టు తిరగేసి మొహం మీదే తప్పు చూపించే మనిషి, తన కుట్టు దగ్గరికి వచ్చేసరికి దాచుకుంటుందా?

"కూసో అన్నా" అంది. "తప్పు నీ భుజానిది కాదు, నాది. ఇగో చూడు, కుడి పక్కకు పెట్టాల్సిన గుర్తు ఎడమకు పెట్టిన. ఫోన్ చూసుకుంట కోసిన. నీ ఒళ్ళు మంచిగనె ఉన్నది. నా కండ్లే వేరే కాడికి పోయినయ్."

ఉప్పలయ్య సుద్ద గీతను చూశాడు, ఆమెను చూశాడు. కుర్చీలో కూర్చుని, ఆ గీతను వేలితో రెండుసార్లు తడిమాడు. తనకు తొడిగిన బట్టలో తప్పు తనది కాదని ఇంతవరకూ ఎవరూ ఆయనతో అనలేదు.

"మరి కోసిన బట్ట అతుకుతదా?" అని అడిగాడు.

సాబిరా ఎడమ భుజం ముక్కను అరచేతిలో పరుచుకుని చూస్తోంది. ఇటు చూసింది, తిప్పి అటు చూసింది. మొహం విప్పారింది.

"అతుకుడెందుకు? ఇది మిల్లు బట్ట అయితె, ఒక్కదిక్కె అచ్చు గుద్దింది అయితె, ఈ పాటికి నేల తుడిసే పోచగుడ్డ అయ్యేది. ఇది నూలుకే రంగేసి నేసింది అన్నా. ఇటు చూసిన అంతే, అటు చూసిన అంతే. కుట్లన్ని ఇప్పి, ముక్కలన్ని బోర్ల తిప్పి కుడితె ఎడమది కుడి అయితది. కాజాలు ఇంక కొట్టలే, అదొక్కటి బచాయించింది. నాలుగింటికి గద ఫంక్షన్? రెండింటికి నీ చేతుల పెడ్త."

గోడకు ఆనించిన ఫోన్ తీసి ఆయన చేతికిచ్చింది. "దీన్ని నా దగ్గర ఉంచకు. సీరియల్ మొదటి భాగం కెళ్లి పెడుతాన, నువ్వు చూసుకుంట కూసో."

ఇక ఆ రెండున్నర గంటలూ సాబిరా తల ఎత్తలేదు. బ్లేడుతో కుట్లు విప్పి, దారాలు ఏరి, ముక్కలు తిప్పి, పాత మడతలు ఇస్త్రీతో చెరిపి కొత్తవి వేసింది. ప్రతి ముక్క మీదా సుద్ద పెట్టి, పైకి చదివి, ఉప్పలయ్య చేత కూడా అనిపించింది. "ఇది ఏ పక్క అన్నా?" "కుడి చెల్లె." "ఇది?" "ఎడమ." మధ్యలో ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తి, "ఈ పోలీసమ్మకు గీ ఒక్క స్వెటరేనా? ఇంకోటి కొనుక్కోదా?" అన్నాడు. సాబిరా పళ్ళ మధ్య పిన్నులతోనే నవ్వింది. "ఆరో భాగం దాక ఆగు, నీకే తెలుస్తది."

రెండూ పదికి జేబు, గుండీలు వేసి, కాజాలు కూడా చేత్తోనే కుట్టి తొడిగించింది. చొక్కా రెండు భుజాల మీదా చదునుగా కూర్చుంది. కాలర్ మధ్యలో నిలబడింది. ఉప్పలయ్య అద్దం ముందుకు వచ్చి, అలవాటు కొద్దీ కుడి పక్క లాక్కోబోయాడు. లాగడానికి ఏమీ లేదు. ఆ చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు గుండె మీద పెట్టుకుని ఉంచాడు.

"పోయొస్త చెల్లె" అని మాత్రం అన్నాడు. సాబిరా ఆటోను పిలిచి ఎక్కించింది.

సాయంత్రం ఆరింటికి మానస వీడియో పంపింది. సాబిరా మిషన్ ఆపి, కత్తెర దూరంగా పెట్టి, ఫోన్ చేతుల్లోకి తీసుకుంది. వేదిక దిగాక తీసిన వీడియో అది. ఉప్పలయ్య చుట్టూ మానస ఆఫీసు పిల్లలు పదిమంది నిలబడ్డారు. ఎవరో చొక్కా బాగుందని, ఎక్కడ కొన్నారని అడిగినట్టున్నారు. ఆయన ఇన్‌షర్ట్ బయటికి లాగి, అంతమంది ముందు చొక్కా అంచు తిరగేసి లోపలి కుట్టు చూపిస్తున్నాడు.

"ఇటు చూడున్రి, అటు చూడున్రి. రెండు దిక్కుల ఒక్క తీరె ఉన్నదా లేదా? మా చెల్లె సాబిరా కుట్టింది. మొదలు తప్పు కుట్టింది. తప్పు నాదే అన్నా అని నాతోని చెప్పి, ఇప్పి మల్ల కుట్టింది. ఏ దుకాణపోడన్న గట్ల చెప్తడా?"

పిల్లలు వంగి వంగి కుట్టు చూస్తున్నారు. మానస వెనక నిలబడి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. తన తప్పును మడికొండ ఐటీ పార్కు అంతా వినేలా చెప్పేశాడని సాబిరా ఒక్క క్షణం ఫోన్‌ను బోర్లా తిప్పింది. మరుక్షణమే, ముప్పై ఏళ్ళలో తన కుట్టు గురించి ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదని ఆమెకు తోచింది. ఆ వీడియో ఇంకోసారి పెట్టుకుంది. ఈసారి ఆయన మాటలు వినలేదు, చేతులు చూసింది. అంతసేపూ, అంతమందిలో, ఉప్పలయ్య ఒక్కసారి కూడా చొక్కాను కుడి పక్క లాక్కోలేదు.