తుపాకిలో ఉప్మా రవ్వ

తుపాకి ఘనత దాని మోతలోనే ఉందనీ, మందు ఎంత దట్టిస్తే అంత మేలనీ చాలామంది నమ్ముతారు. ఇది తుపాకుల గురించిన అభిప్రాయంలా కనిపిస్తుంది గాని, నిజానికి ఎక్కువైనదల్లా గొప్పదే అన్న పాత భ్రమకు ఒక రూపం. జగిత్యాల వైపు నుంచి ఖతార్ వచ్చిన భూమేష్ కూడా ఒకనాటి ఉదయం దాకా ఆ భ్రమలో హాయిగానే ఉన్నాడు.

మెసైమీర్ అనే పేట దాటాక ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో అతడు నేల ఊడ్చేవాడు. ఆ ఏడు క్లబ్బు పాతకాలపు రివాల్వర్ల నకళ్లను తెప్పించింది. వాటిలో సిద్ధంగా దొరికే తూటాలు పట్టవు. చక్రంలోని ఒక్కొక్క అరలో నల్లమందు పోసి, సీసపు గుండును బిగించి, వెనక చిన్న రాగి టోపీ తొడగాలి. సభ్యుల కోసం వాటిని నింపిపెట్టే మనిషి కావాలి. శిక్షకుడు బుర్హానుద్దీన్ భూమేష్‌కు పద్ధతంతా నేర్పి, చివరికి పరీక్ష పెట్టాడు.

"నువ్వే నింపు, నువ్వే కాల్చు మియా. సరిగ్గా పేలిందా, చీపురు మాఫీ!"

భూమేష్ కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"దుబాయ్‌ల నీ చేతికి తుపాకి ఎవడిచ్చిండయ్యా?" అంది భార్య శోభ. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"ఇయ్యాల సప్పుడు నీకు ఫోన్ లేకుండనే ఇనవడ్తది సూడు!"

బల్ల మీద రెండు ఇత్తడి కొలతలున్నాయి. రెండూ తయారీదారు చెప్పిన హద్దులోనివే. చిన్నదాంతో పోస్తే అరలో ఖాళీ మిగులుతుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ప్రమాదం గనుక దాన్ని రవ్వతో నింపాలి. క్లబ్బు క్యాంటీన్ వంటవాడు పోశన్న, భూమేష్ ఊరివాడే, రవ్వ డబ్బా పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"గింతేనారా? ఉప్మా చేస్తున్నవా, తుపాకి కాలుస్తున్నవా? పెద్దది పొయ్యి!"

"పోస్తున్న కాకా, ఆగు!"

పెద్ద కొలతే పోశాడు. ఒక అరలోని నిప్పు పక్క అరకు అంటకుండా గుండ్ల మీద మైనపు జిడ్డు రాయాలి. ఆ జిడ్డు డబ్బా చూస్తే ఖాళీ. బుర్హానుద్దీన్ గురిపలక తగిలించడానికి వెళ్లిన సమయం చూసి పోశన్న నెయ్యి అందించాడు. భూమేష్ దోశెకు పట్టించినట్లు ముందూ వెనకా ధారాళంగా పట్టించాడు. ఎండకు నెయ్యి కరిగి, సందుల వెంట మందులోకి దిగింది.

బుర్హానుద్దీన్ తిరిగొచ్చి పక్కన నిలబడ్డాక భూమేష్ గురి చూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

టప్.

రాగి టోపీ ఒక్కటే పేలింది.

"కదలకు! గొట్టం పలక వైపే ఉంచు!" అన్నాడు బుర్హానుద్దీన్. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది గనుక కదలకూడదు. తుపాకి మూతి నుంచి నేతి బొట్టు ఒకటి మెల్లగా జారింది. బుర్హానుద్దీన్ వాసన చూశాడు.

"అరే, ఇది రివాల్వరా, అరిసెల మూకుడా?"

పోశన్నకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత శిక్షకుడికి. గొట్టం కదలకూడదు గనుక భూమేష్ చేతులు మాత్రం రాయిలా నిలిపి, మిగిలిన ఒళ్లంతా నవ్వుతో ఊగిపోయాడు. కొత్త పని చేజారిందని తెలిసీ నవ్వు ఆగలేదు.

కాసేపటికి బుర్హానుద్దీన్ చక్రాన్ని విప్పి, జాగ్రత్తగా ఖాళీ చేయించి, కడిగించి ఆరబెట్టించాడు. "చేతులు కదల్లేదు, అది చూశాను. ఇంకోసారి, యల్లా, కానివ్వు. కొలత నీ ఇష్టం."

"పెద్దదేరా! శోభకు మాటిచ్చినవ్!" అన్నాడు పోశన్న.

"దానికి మోత ఫోన్‌ల ఇనిపిస్త కాకా. నువ్వు రవ్వ ఇటు తే."

భూమేష్ చిన్న కొలత తీసుకున్నాడు. ఐదు అరల్లో మందు, దాని మీద రవ్వ, ఆపైన గుండు బిగించాడు. ఆరో అర భద్రత కోసం ఖాళీగా వదిలాడు. బుర్హానుద్దీన్ తెచ్చిన కొత్త డబ్బాలోని మైనాన్ని పలుచగా రాశాడు. ఐదూ పేలాయి. తెల్లని పొగలో మాడిన రవ్వ వాసన వచ్చింది. ఆ మధ్యాహ్నం అతడు చీపురు అప్పగించి, చిన్న కొలతను తన జేబులో పెట్టుకున్నాడు.