మా బావ, ఆయన రాడార్ లారీ

మా బావ వరహాలరావుకి ఒకటే జబ్బు. కంపెనీవాడు చేసి ఇచ్చిన వస్తువుని చేసినట్టుగా ఉంచలేడు. కొత్త గొడుగు కొన్నాడంటే మర్నాటికల్లా దానికి ముందువైపు బెత్తెడు ప్లాస్టిక్ కిటికీ వచ్చేసేది. వాన ఏటవాలుగా కొట్టినప్పుడు గొడుగు ముందుకి వంచుతాం కదా, అప్పుడు ఎదురుగా ఎవరొస్తున్నారో కనబడాలని. ఆ కిటికీ కుట్టులోంచి కారే నీళ్ళు తిన్నగా ఆయన ముక్కు మీద పడేవి. "కంపెనీవోడు ఈ మాత్రం ఆలోసించనేదు సూడు" అంటూ ముక్కు తుడుచుకునేవాడు.

ఆయన భార్య రత్నాలప్ప నా తోడబుట్టింది. పెరట్లో ఉంటే కుక్కరు కూత వినబడ్డం లేదని ఓసారి నోరు జారింది. బావ ఆ విజిలు పీకేసి, ఎక్కడిదో ఇత్తడి గొట్టం తెచ్చి బిగించాడు. ఆ పూట పప్పు ఉడికేసరికి, శృంగవరపుకోటలో వాళ్ళ వీధి చివరి ఇంటాయన కిరండూలు పాసింజరు వచ్చేసిందనుకుని సంచీ పట్టుకుని స్టేషనుకి పరిగెత్తాడు.

నన్నూ వదల్లేదు. అరకులో నాది కిరాణా కొట్టు. "నీకు నడుం నొప్పి గదా బామ్మర్దీ, ఇకమీదట వేలితో ముట్టుకుంటే సాలు, లేస్తాది" అని నా షట్టరుకి స్ప్రింగులు మార్చాడు. వేలితో ముట్టుకున్నాను. లేచింది. హ్యాండిల్లో వేలు ఇరుక్కుని దానితో పాటు నేనూ లేచాను. కింద నిలబడి బావ, "సూసినావా, ఎంత తేలికో!" అన్నాడు.

అలాంటి మనిషి కిందటేడు కొత్త లారీ కొన్నాడు. మేం కోట అని పిలిచే శృంగవరపుకోటలో సరుకు ఎక్కించుకుని, అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకులో నా కొట్టుకి కొంత దింపి, అక్కణ్ణుంచి పెదబయలు వైపు సంతలకి పోవడం ఆయన పని. లారీ అప్పగిస్తూ షోరూమువాళ్ళు ముందు బంపరు మధ్యలో అరచేతి వెడల్పు నల్ల డొప్ప ఒకటి, ఎడమ తలుపు కింద మరొకటి చూపించారు. అవి రాడార్లట. ముందు మనిషో పశువో బండో అడ్డొస్తే కుయ్యిమని కూస్తుంది. డ్రైవరు పట్టించుకోకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. పక్కది, డ్రైవరుకి కనబడని ఎడమ వైపు ఎవరైనా ఉంటే అరుస్తుంది. మంచు పడుతున్నా సరే, వాటికి కనబడుతుందట.

బావ అంతా విని, "అంటే మా అత్తన్నమాట" అన్నాడు.

ఆయన అత్తంటే మా అమ్మ. నిజమే, మా అమ్మ అరుగు మీద కూర్చుంటే వీధిలో పిల్లి కదిలినా కేకేస్తుంది. ఆ రోజునుంచి ఆ రాడార్ పేరు అత్త అయిపోయింది. సంగతి తెలిసి మా అమ్మ అల్లుడితో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఆయన అది గమనించనూ లేదు.

వారం తిరిగేసరికి లారీ గుర్తుపట్టలేకుండా తయారైంది. ముందు భాగానికి పెద్ద స్టీలు గేటు బిగించాడు, మా ఇంటి గేటు కన్నా పెద్దది. నల్ల డొప్ప బోసిగా ఉందని దానికి వెండి రంగు పూసి, అటూ ఇటూ కాటుక కళ్ళు దిద్దించాడు. గోతుల్లో కింద తగలకుండా ముందు స్ప్రింగులు లేపించాడు. ఎడమ తలుపు కింద ఇనుప మెట్లు వేలాడదీసి, పట్టుకోడానికి ఓ కమ్మీ పెట్టి, దానికి సైకిలు ట్యూబు చుట్టాడు.

"ఇవన్నీ ఎందుకు బావా?"

"కంపెనీవోడికి ఘాట్ రోడ్డు తెల్దురా."

"మరి ఆ మెట్లు?"

"అందం."

సైకిలు ట్యూబులో అందమేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన విషయంలో అర్థం కానివి అప్పటికే చాలా ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను.

ఆ లారీలో కోట నుంచి అరకు దాకా వచ్చిన నా ప్రయాణం నేను మర్చిపోలేను. పెరటి గుమ్మం దాటకముందే కుయ్యిమంది. ఎదురుగా రోడ్డు ఖాళీ. అయినా కుయ్యి. బావ బెదరలేదు. "ఊఁ, సూసేనత్తా" అన్నాడు. మళ్ళీ కుయ్యి. "ఎవలూ నేరు గదత్తా." మళ్ళీ. "నువ్వు కాసేపు తొంగో అత్తా, నాను సూసుకుంతాను." ఘాట్ పొడుగునా ఇదే సంభాషణ. సగం ఘాట్ ఎక్కాక ఓ మలుపులో అత్త ఇక సహించలేక తనే బ్రేకు వేసేసింది. లారీ ఉన్నపళంగా ఆగిపోయింది. నా ఒళ్ళో ఉన్న గుడ్ల ట్రేలో సగం గుడ్లు నా ఒళ్ళోనే మిగిలిపోయాయి, ట్రే మాత్రం ముందుకి పోయింది.

వెనకాల టూరిస్టు కార్లు బారులు తీరాయి. లారీ ఇక్కడ ఆగిందంటే చూడాల్సిందేదో ఉందనుకుని జనం దిగి, లోయకేసి నిలబడి సెల్ఫీలు తీసుకోవడం మొదలెట్టారు. ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి, "ఈ పాయింటు పేరేంటండీ?" అని అడిగాడు.

"అత్త మలుపు" అన్నాడు బావ.

కొన్నాళ్ళకి నా కొట్టులో వాటర్ బాటిలు కొనుక్కుంటూ హైదరాబాదు అమ్మాయొకతె, "అత్త మలుపు ఇంకా ఎంత దూరమండీ?" అంది.

చివరికి రత్నాలప్ప పోరు పడలేక లారీని విశాఖపట్నం సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. హారిక అని ఓ కుర్ర ఇంజినీరమ్మాయి వచ్చి, లారీ చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, మా ముందుకొచ్చి ఆగింది.

"అంకుల్, రాడార్ ఎక్కడ?"

"ఆ కళ్ళ మజ్జినున్నాది సూడమ్మా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోడానికి చాలా కష్టపడింది. "అంకుల్, రాడార్ ఒక తరంగాన్ని పంపిస్తుంది. అది ఎదురున్నదానికి తగిలి వెనక్కి వస్తే, అక్కడేదో ఉందని దానికి తెలుస్తుంది. మీరు దాని మొహానికి జానెడు దూరంలో ఇనుప గేటు కట్టారు. అది పొద్దస్తమానం ఆ గేటునే చూసి, గుద్దేస్తున్నాం గుద్దేస్తున్నాం అని ఏడుస్తోంది. ఈ వెండి రంగులో లోహపు పొడి ఉంటుంది, అది దాని కంట్లో కారం కొట్టడమే. స్ప్రింగులు లేపేశారు కాబట్టి రోడ్డు మీద మనుషుల్ని వదిలేసి చెట్టు కొమ్మల్ని చూస్తోంది."

"కంపెనీవోడికి ఘాట్ రోడ్డు తెల్దమ్మా."

"మీకు రాడార్ తెలీదు అంకుల్."

మా బావ మాటకి ఎదురుమాట దొరకడం నేను చూసింది అదే మొదటిసారి. ఆయన కాసేపు గేటుని నిమిరి, "సరే, తీసీ" అన్నాడు. గేటు పోయింది, కాటుక కళ్ళు పోయాయి, స్ప్రింగులు దిగాయి. కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ గేటు పక్కన నిలబడ్డాడు. హారిక వంగి ఎడమ మెట్ల మీద చెయ్యి వేసింది.

"అది ముట్టుకోకు గుంటా!"

ఆ గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను.

"ఇవి పక్క రాడార్‌కి సరిగ్గా అడ్డంగా ఉన్నాయి అంకుల్. ఎందుకివి?"

"అందం."

హారిక సైకిలు ట్యూబుకేసి చూసింది, నాకేసి చూసింది. నేను ఆకాశంకేసి చూశాను. "మీ ఇష్టం. కానీ ఇవి ఉన్నంతకాలం అది అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు ఆపేశారంటే మాత్రం ఎడమ పక్కకి లారీ గుడ్డిదే. గుర్తుపెట్టుకోండి" అంది.

బావ బుద్ధిగా తలూపాడు. సింహాచలం దాటకుండానే సీటు పక్కన ఆ అరుపు వచ్చే స్పీకరులో గుడ్డ కుక్కి, పైన టేపు వేశాడు.

అప్పటిదాకా నేను ఆయనతో అరకు దాటి వెళ్ళింది లేదు. సంతలకి నా వ్యానులోనే పోయేవాణ్ణి. చలికాలంలో ఓ పొద్దున్న నా వ్యాను మొరాయిస్తే, పెదబయలు సంతకి బావ లారీ ఎక్కాను. పొగమంచు ఎంతగా ఉందంటే, లారీ ముందు అద్దానికి అవతల లోకం ఉందో లేదో తెలియడం లేదు. కాఫీ తోటలు దాటాక ఓ చిన్న జంక్షను దగ్గర బావ బండి పక్కకి తీసి ఆపాడు. దిగి సరుకు తాళ్ళు చూసినట్టు నటించి, మంచులోకి ఇటూ అటూ చూసి, మళ్ళీ ఎక్కాడు.

"ఎవలూ రానేదు. పద" అన్నాడు.

"ఎవరు రావాలి బావా?"

"ఎవలూ నేదు."

గేరు వేశాడు. లారీ కదిలింది. నా పక్క అద్దం మంచుతో మసకబారి ఉంది. అంతలో బయట ధన్‌మని చప్పుడు, వెంటనే ఓ ఆడమనిషి కేక. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. నేను తలుపు తీసి దూకేశాను.

రోడ్డు పక్క గడ్డిలో ఓ ముసలమ్మ చతికిలబడి ఉంది. ఆవిడ బుట్ట తాడు మెట్ల కమ్మీకి తగులుకుని, బుట్ట నలిగి, రాజ్‌మా గింజలు తారు రోడ్డు నిండా చెల్లాచెదురయ్యాయి. ఇంకో అడుగు ఇటు వేసుంటే ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. బావ అటు తిరిగి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సోనీ! దెబ్బేటైనా తగిలిందేటమ్మా?"

ముసలమ్మ చీర దులుపుకుని లేచింది. కోపం ముక్కు పుటాల్లో కనబడుతోంది. "ఏటి బాబూ, నన్నెక్కించుకోకుండానే ఎల్లిపోతన్నావా? మెట్టు మీద కాలెట్టబోతే మెట్టే ఎల్లిపోనాది!"

చావబోయినందుకు కాదు ఆవిడ బాధ, బండి తప్పబోయినందుకు.

బావ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గింజా ఏరడం మొదలెట్టాడు. నేను సోనిని రాయి మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అప్పుడు చెప్పింది ఆవిడ.

"నాకు మోకాళ్ళు వంగవు. అంతెత్తు లారీ ఎలగెక్కుతాను? పాత బండప్పుడు బాబు వంగి, తన మోకాలు అడ్డమెట్టి, దీని మీద కాలెట్టి ఎక్కమనీవోడు. ఆయన మీద కాలెట్టడం నాకు సిగ్గు. ఇంక రాను పో అనీసినాను. కొత్త బండికి మెట్టెట్టుకొచ్చినాడు. నా ఒక్కదానికే కాదు, దారి పొడుగునా నాలాటోళ్ళు శానామందిమి."

"అందం కోసమని చెప్పాడే నాకు!"

సోని మెట్టుకేసి చూసింది. "అందంగానే ఉన్నాది గదా" అంది.

గింజలన్నీ ఏరి బుట్టకెత్తాక బావ ఆ మెట్ల ముందు నిలబడ్డాడు. వాటి వెనక నల్ల డొప్ప కనబడుతోంది.

"అత్త సూసే ఉంటాది బామ్మర్దీ. అరిసే ఉంటాది. నానే దాని నోరు నొక్కీసినాను."

ఆ మర్నాడే విశాఖపట్నం వెళ్ళాం. ఈసారి అక్క పోరలేదు, ఎవరూ చెప్పలేదు. "తీసీ అమ్మా. అంతా కంపెనీవోడు ఇచ్చినట్టే సేసీ" అన్నాడు. హారిక మెట్లు విప్పించి, స్పీకరులో కుక్కిన గుడ్డ పీకి, రాడార్ సరిచూసి, తనే లారీ ఎడమ పక్కన నడిచింది. క్యాబిన్లో కుయ్యిమంది. "మళ్ళీ ఓపాలి నడువమ్మా" అన్నాడు. మళ్ళీ నడిచింది. మళ్ళీ కుయ్యి. పాపం, ఆ అమ్మాయిని మంచినీళ్ళు తాగేంత వ్యవధి కూడా ఇవ్వకుండా నడిపించాడు. కూత వినబడిన ప్రతిసారీ "ఆఁ" అని తృప్తిగా తలూపాడు.

పెరట్లో మామూలు లారీ చూసి రత్నాలప్ప, "ఎవరి బండి ఇక్కడెట్టేరు?" అని అడిగింది. మనదేనంటే నమ్మలేదు. వచ్చి మా బావ నుదుటి మీద చెయ్యివేసి జ్వరం చూసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన కుక్కరు జోలికి పోలేదు, గొడుగు జోలికి పోలేదు. మా అమ్మే కంగారుపడి, "అల్లుడికి ఏదైనా పాడైపోయిన ఫ్యాను పంపించరా, కాస్త కోలుకుంటాడు" అంది.

నేను ఫ్యాను సంగతి మర్చిపోయి, మళ్ళీ ఆయనతో సంతకి బయల్దేరాను. ఆ జంక్షను దగ్గర లారీ ఆగింది. నేను తలుపు తీసి దిగబోయి ఆగిపోయాను. దిగడానికి ఏమీ లేదు, తలుపు గుమ్మం ఎత్తుకి సరిసమానంగా రాతి దిమ్మ ఒకటి ఎదురుగా ఉంది. దానికి వెనకవైపు నుంచి చంటిపిల్లలు కూడా ఎక్కగలిగేంత పొట్టి పొట్టి మెట్లు. సోని కొడుకు సోంబరు ఓ చివర సిమెంటు మెత్తుతున్నాడు. పొలం గట్లకి రాళ్ళు పేర్చడంలో అతని చెయ్యి మంచిదట, ఆ దిమ్మ రాళ్ళన్నీ అతను పేర్చినవే.

"బండిని మార్చొద్దన్నారని కొండని మార్చేశావా బావా?"

"కొండకి రాడార్ నేదు గదా" అన్నాడు బావ.

ఇప్పుడు ఆ దారిలో ఆయన ఆగే చోటల్లా ఒక దిమ్మ ఉంది. ఒకదాని మీద వెదురు పందిరి వేశాడు, ఇంకోదానికి బుట్టలు తగిలించుకునే కొక్కేలు పెట్టాడు. ఆర్టీసీ బస్సు డ్రైవర్లు కూడా అక్కడే ఆపుతున్నారు. ఎవరు కట్టించారని అధికారులెవరో వచ్చి అడిగితే, "నాకేటి తెల్సు" అని అటుపక్కకి తిరిగి తాళ్ళు బిగించుకున్నాడట.

మొన్న సంత రోజున నేను లారీలోనే ఉన్నాను. సోని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన ఇంట్లోకి తాను నడిచివచ్చినట్టు క్యాబిన్లోకి వచ్చింది. నన్ను లోపలికి జరగమని, కిటికీ పక్కన కుదురుగా కూర్చుంది. కాసేపు అటూ ఇటూ కదిలి, "అంతా బాగున్నాది గానీ బాబూ, ఈ సీటే కాస్త గట్టిగున్నాది" అంది.

బావ తల ఇటు తిప్పాడు. ఆ కళ్ళలో మెరుపు చూసి చాన్నాళ్ళయింది. అప్పుడే జానలు వేసి సీటు కొలవడం మొదలెట్టాడు.

నేను వెంటనే హారికకి ఫోను చేసి, సీటు కింద రాడార్ లాంటిదేమీ లేదు కదా అని కనుక్కున్నాను. లేదంది.